అత్త జంబు చెట్లూ, రాములవారి తులసి దండలూ

ఇది ఒక మహాయుద్ధ గాథ. ఇందులో ఒక సామ్రాజ్యం కూలబోయి నిలబడింది, శత్రువులు మబ్బులా కమ్ముకుని వచ్చారు, మిత్రద్రోహం జరిగింది, ఒక వీరనారి నిచ్చెనెక్కి పోరాడింది, ఆఖరికి ధర్మమే గెలిచింది. ఇంతవరకు రాసి రెండు రోజులు మీసం దువ్వుకుంటూ కూర్చున్నాక నిజం ఒప్పుకోక తప్పలేదు. సామ్రాజ్యమంటే మలేషియాలో బాగన్ దాతుక్ అనే మా ఊళ్లో మా మేనత్త పెరట్లో ఉన్న తొమ్మిది జంబు చెట్లు, శత్రువులంటే ఈగలు, మిత్రద్రోహం చేసింది నేను. మీసం కూడా చెప్పుకోదగ్గది కాదు.

ఇదంతా గుర్తుకు రావడానికి కారణం కిందటి వారం ఇపో పట్నంలో మా ఆఫీసు వంటగదిలో జరిగిన చిన్న గలభా. తోటి ఉద్యోగిని ఒకామె సంతలో కొన్న జంబు కాయ కొరికి, లోపల కదులుతున్నదాన్ని చూసి, భవనం అంటుకున్నంత గట్టిగా కేక వేసింది. అందరితోపాటు నేనూ పరుగెత్తుకెళ్లి, కాయను అటూ ఇటూ తిప్పి చూసి, ఇది పండుఈగ పిల్ల అనీ, కాయ పసిగా ఉన్నప్పుడే తల్లి సూదిలాంటి తోకతో పొడిచి లోపల గుడ్డు పెట్టిందనీ, మనిషికి దీనివల్ల ప్రమాదమేమీ లేదనీ చెప్పాను. మూడేళ్లుగా నేను రాసిన ఏ నివేదికకీ దక్కని గౌరవం ఆ పురుగువల్ల దక్కింది. సాయంత్రం ఇంటికి వెళ్లేదాకా ఆ గౌరవాన్ని మోసుకు తిరిగి, మోస్తున్నంతసేపూ అత్తనే తలుచుకున్నాను.

నా ఈడువాళ్లకి, అంటే చేతికి ఫోను రాకముందే చెట్టెక్కడం నేర్చుకున్న ఆఖరి తరానికి, జంబు గురించి వేరే చెప్పక్కర్లేదు. తెలియనివారి కోసం ఒక్క మాట. గంట ఆకారంలో ఉండే ఎర్రటి కాయ, జామకి దూరపు చుట్టం, కొరికితే ముప్పాతిక వంతు నీళ్లు, పావు వంతు తీపి. మా ఎండకీ వానకీ అసలు ఆపిల్ కాయదు కాబట్టి ఇంగ్లీషు దొర దీనికే వాటర్ ఆపిల్ అని పేరు పెట్టుకుని తృప్తిపడ్డాడు. బళ్లో ఆపిల్ బొమ్మ చూపించినప్పుడల్లా మేమూ మనసులో దీన్నే నమిలి తృప్తిపడ్డాం.

అప్పుడు నాకు ఇరవై ఒకటి. వ్యవసాయంలో డిప్లొమా చేతపట్టుకుని, ఊళ్లో ఎరువులూ పురుగుమందులూ అమ్మే ఒక చీనా టౌకే దగ్గర పనికి కుదిరాను. టౌకే అంటే కొట్టు యజమాని. ఆ కొట్టుకి జనం ఆస్పత్రికి వచ్చినట్టు వచ్చేవారు. ప్లాస్టిక్ సంచిలో మచ్చలు పడ్డ ఆకు తెచ్చేవాళ్లు, డబ్బాలో బతికున్న పురుగును తెచ్చేవాళ్లు. ఒకాయనైతే ఏకంగా కొమ్మనే మోటార్ సైకిల్ వెనక కట్టుకుని వచ్చాడు. టౌకే ఆకును వెలుతురుకి పట్టి చూసి, రెండు మూడు ప్రశ్నలు వేసి, చాలాసార్లు ఏమీ అమ్మకుండానే పంపేసేవాడు. ఆయనకి వ్యాపారం చేతకాదని నాకు జాలివేసేది. నా దగ్గర డిప్లొమా ఉంది, ఆయన దగ్గర లేదు. ఆ తేడా నాకు కొట్టొచ్చినట్టు కనిపించేది, ఆయనకి మాత్రం ఎందుకో కనిపించేది కాదు.

మా మేనత్త పెదనాన్నకి చెల్లెలు, నాన్నకి అక్క. లంగా ఓణీల నాటినుంచీ తోటల్లో గడ్డి పీకి, కురిడీలు ఎండబెట్టే షెడ్డులో పొగ మింగి, రోజూ తెల్లారకుండా ఎవరో హాజరుకి పేరు పిలిస్తే పలికి పనిచేసిన మనిషి. అదంతా మానేశాక, నాలుగు ఇళ్ల అవతలి మలాయ్ ఆవిడ ఇచ్చిన కొమ్మలు పెరట్లో నాటి, పెంచి, శని ఆదివారాల్లో రోడ్డు పక్కన బల్ల వేసి కాయలు అమ్మేది. పొద్దున్నే ఎవరూ తన పేరు పిలవని పని తన బతుకు మొత్తానికి ఇదొక్కటేనని అనేది. ఆ మాట ఆవిడ నవ్వుతూనే అనేది గాని, ఆ తొమ్మిది చెట్లూ ఆవిడకి ఏమిటో అర్థం కావడానికి అంతకన్నా వివరం అక్కర్లేదు.

చిక్కల్లా ఏమిటంటే నేల పెదనాన్న పేరున ఉంది. వరసగా రెండు కాపులు పురుగుపట్టి పోయాయి. ప్రతి నెలా ఇపో నుంచి కారులో వచ్చి సంచి నిండా కొనుక్కెళ్లే ఒక పెద్దమనిషి, ఒక ఆదివారం ఆ సంచిని వెనక్కి తెచ్చి, ఒక్క మాటైనా అనకుండా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది. ఈ సంగతి విని ఆ సాయంత్రమే పెదనాన్న వచ్చి అత్త వాకిట్లో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“పురుగుల కాయలెట్టుకుని రోడ్డు మీద కూకుంటే మన పరువేటౌతాదే? కొట్టించేసి పామాయిల్ మొక్కలు ఏసేద్దాం లా,” అన్నాడు, మాట చివర మలాయ్‌వాళ్ల ‘లా’ తగిలించి.

“పరువు నీది, సెట్లు నాయి,” అంది అత్త. “ఒక్క కాపు సూడన్నా. అప్పుడూ పురుగుంటే నేనే దగ్గరుండి కొట్టిస్తాను.”

“ఒక్క కాపే. రంపం ఉన్నోడికి సెప్పేసినాను. రెండు నెల్లాగి ఆడు వస్తాడు.”

వెంటనే ఇద్దరూ నావైపు తిరిగారు. మా ఇంట్లో డిప్లొమా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే మరి.

మర్నాడే తనిఖీకి బయలుదేరాను. తెల్ల చొక్కా వేసుకున్నాను, జేబులో భూతద్దం పెట్టుకున్నాను. పుస్తకంలో చెప్పిన వరసలో ముందు ఆకులు, తరవాత కొమ్మలు, ఆఖరికి కాయలు చూశాను. కాయ మీద సూదిపోటంత నల్లచుక్క ఉంది, ఆ చుక్క పక్కనే కెరెంగా ఉంది. కెరెంగా అంటే ఆకుల్ని కలిపి కుట్టి గూడు కట్టుకునే పెద్ద ఎర్రచీమ. హత్య జరిగినచోట ఎవడు నిలబడి ఉంటే వాడే హంతకుడన్న సూత్రం ప్రకారం నేను వెంటనే తీర్పు చెప్పేశాను. ఆ సమయంలోనే ఒక చీమ నా మెడ మీద కుట్టింది, తీర్పు మీద దాని ప్రభావం బొత్తిగా లేదని చెప్పలేను. కొట్టునుంచి మందు తెచ్చి మూడు సాయంత్రాలు పిచికారీ చేశాను. చీమలు చేటలకొద్దీ రాలాయి. అత్త నాకు గారెలు వండి పెట్టింది, వీధిలో ఇద్దరు ముగ్గురు తమ చెట్లు కూడా చూసి పెట్టమని అడిగారు. రెండు వారాలు నేను తల కొంచెం పైకెత్తి నడిచాను.

ఆ తరవాత రాలిన కాయల్లో పురుగు లేని కాయ ఒక్కటీ లేదు.

టౌకే బన్ను టీలో ముంచుకుని తింటున్నప్పుడు విషయం చెప్పాను. ఆయన ముంచిన ముక్క పూర్తిగా మింగేదాకా ఆగి మలాయ్‌లో అన్నదాన్ని తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: ఊళ్లో ఉన్న పోలీసుల్నందర్నీ చంపేసి, దొంగతనాలు ఎందుకు పెరిగాయని నన్నడుగుతున్నావు. కెరెంగా ఉన్న చెట్టు మీద వాలడానికే పండుఈగ జంకుతుందట, వాలి గుడ్డు పెట్టేంత తీరిక దానికి ఆ చీమ ఇవ్వదట. మందు సంగతి తరవాత, ముందు రాలిన కాయ ఒకటి సిమెంటు గచ్చు మీద పగలగొట్టి దాని ఎదురుగా కూర్చో, నీ డిప్లొమా ఇంట్లో పెట్టి కూర్చో అన్నాడు.

కూర్చున్నాను. కాసేపటికి తెల్లటి చిన్న పురుగు ఒకటి బయటికి పాకి, తలనూ తోకనూ కలిపి విల్లులా వంగి, ఉన్నట్టుండి టప్పుమని జానెడు దూరం గెంతింది. వెనకే ఇంకొకటి గెంతింది. గొంగళిపురుగు గెంతదు, పెంకుపురుగు పిల్ల గెంతదు, కాయలోంచి బయటపడి ఇలా గెంతుకుంటూ మట్టిలోకి దూరేది పండుఈగ పిల్లే. ఈ వాక్యాన్ని నేను పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. మార్కులు వచ్చాక ఆ వాక్యంతో ఇంకా పని ఉంటుందని అప్పట్లో నాకెవరూ చెప్పలేదు.

సరే, దొంగ ఎవరో తెలిసింది. మరి నాలుగు ఇళ్ల అవతల మలాయ్ ఆవిడ చెట్టుకి ఇంత చీడ లేదే, అత్త పెరటికే ఈ ఈగలన్నీ ఎందుకు వస్తున్నట్టు? అక్కడ లేనిది ఇక్కడ ఏముందో చూడమన్నాడు టౌకే.

ఉన్నది నేను పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. మా ఊరి రామాలయంలో స్వామికి వేసే దండల్లో తులసే ఎక్కువ. స్వామి మీదినుంచి తీసిన దండ నిర్మాల్యం. అది చెత్తబుట్టలో పడకూడదు, ఎవరి కాలికిందా పడకూడదు. పారే నీళ్లలో వేయాలి, లేదా చెట్టు మొదట్లో వేయాలి. కాలువలో వేస్తే నీళ్లు నిలిచిపోతున్నాయని గుడిలో పెద్దలు వద్దన్నప్పటినుంచి, ఆ భారమంతా అత్త తన మీద వేసుకుంది. ప్రతి శనివారం వాడిన దండలన్నీ బుట్టకెత్తి, మోటార్ సైకిల్ వెనక కట్టుకుని తెచ్చి, తొమ్మిది చెట్ల మొదళ్లలోనూ సమానంగా పంచేది. గుడికి జనం పెరిగి ఆ ఏడాదే ఒక్క బుట్ట కాస్తా మూడు బుట్టలైంది. స్వామి ఒంటిమీద ఉన్నది పడ్డ చెట్టుకి చీడ రాదని ఆవిడ నమ్మకం. ఆదివారం పొద్దున ఆ దండల మీద ఈగలు బారులు తీరి, రెక్కలు చాపి, వేలితో తాకినా ఎగరకుండా మత్తుగా కూర్చునేవి. ఈగలకి కూడా భక్తి ఉంటుందిరా అని అత్త నాకు చిన్నప్పుడు చూపించేది కూడాను.

ఈసారి భూతద్దంతో చూశాను. నడుము సన్నం, వీపున రెండు పసుపు గీతలు. నా పుస్తకంలో బొమ్మ ఎలా ఉందో అలాగే ఉన్నాయి. తులసిలో ఉండే ఒక వాసనకి మగ పండుఈగలు వెర్రెత్తి ఎక్కడెక్కడినుంచో వస్తాయి, అది తిన్న మగవాటికే ఆడఈగల దగ్గర ఆదరణ ఎక్కువ. దీన్నిబట్టి తేలిందేమంటే, మా అత్త ఏళ్ల తరబడి వారం వారం చుట్టుపక్కల మగఈగలన్నిటినీ తన పెరట్లోకి పిలిచి, ఫలహారం పెట్టి, పెళ్లిళ్లు కుదిరిస్తోంది. పుట్టిన పిల్లలకి కాపురం పెట్టుకోవడానికి పైన కాయలు సిద్ధంగా ఉన్నాయి.

ఇది ఆవిడకి చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. చెప్పాక ఆవిడ చేతిలో బియ్యం చేట పక్కన పెట్టి పెరటివైపు చూసింది.

“నేను తెచ్చిన దండలేట్రా నా సెట్లని తినేసినాయి?”

తులసి తప్పేమీ లేదనీ, దండల్ని చెట్లకి దూరంగా, కాలవగట్టు దగ్గర సబ్బునీళ్ల సీసాల్లో వేసి వేలాడదీస్తే, ఆ వాసనకే మగఈగలు అటు వెళ్లి అందులో పడి చస్తాయనీ చెప్పాను. అప్పుడు మాత్రం ఆవిడకి కోపం వచ్చింది.

“రావులోరి దండెట్టి పేణాలు తియ్యమంటావేట్రా? పాపం నువ్వు మోస్తావా, నీ డిప్లొమా మోస్తాదా?”

నేను ఇంటికి వచ్చేశాను. కథ అక్కడితో అయిపోయిందనీ, రంపం వస్తుందనీ అనుకున్నాను. మర్నాడు పొద్దున కొట్టుకి వెళ్తుంటే అత్త గుమ్మంలో నిలబడి పిలిచింది. పక్కన కడిగిన ఖాళీ సీసాలు పది పదిహేను బోర్లించి ఉన్నాయి.

“నిర్మాల్యం నీళ్లల్లో ఎయ్యొచ్చు కదా. సీసాలో ఉన్నాయి కూడా నీళ్లే. ఈగల్ని నేను రమ్మన్లేదు, అయ్యొచ్చి పడితే నాకేటి సంబంధం?” అని, సీసాలు నావైపు జరిపి, “సబ్బు నువ్వు కలుపుకో. నేను అటు సూడను,” అంది.

ఇంత చక్కటి తీర్పు చెప్పడానికి ఎంతెంత చదువులో చదివినవాళ్లకి కూడా ఒక్క రాత్రి సరిపోదు.

ఆ తరవాత జరిగిందంతా పని. పనిలో వీరత్వం పాలు బాగా తక్కువ. రాలిన కాయల్ని రోజూ పొద్దున్నే ఏరి, నల్ల ప్లాస్టిక్ సంచుల్లో మూతి బిగించి ఎండలో పడేసి, లోపలి పురుగుల్ని ఉడికించాం. కాలవగట్టున సీసాలు కట్టాం. వాటిలో పడేవి మగఈగలే గనక, మిగిలిన ఆడఈగల కోసం పిందె బొటనవేలి కొనంత అవగానే ప్రతి గుత్తికీ కాగితం సంచి తొడిగాం. గుత్తికి నాలుగు పిందెలు ఉంచి మిగతావి తుంచెయ్యాలంటే అత్తకి ప్రాణం ఒప్పేది కాదు. ప్రతి పిందెకీ క్షమించమని చెప్పి మరీ తుంచేది. నా పాపం కూడా నేను కడుక్కోవాలి గనక, పక్కవీధి మామిడిచెట్టు మీదినుంచి రెండు కెరెంగా గూళ్లు కొమ్మతో సహా తెచ్చి కట్టి, అవి ఒక చెట్టునుంచి ఇంకో చెట్టుకి నడవడానికి తాళ్లు కూడా వేశాను. అవి నన్ను పదకొండు చోట్ల కుట్టాయి. ఆ పెరట్లో నేను చేసిన హత్యల సంగతి వాటికెలా తెలిసిందో గాని, కుట్టడంలో పాత పగ కనిపించింది.

సంచులకి కాగితం కావాలి. మా ఊళ్లో తెలుగు పేపరు ఎక్కడిది, దొరికినవన్నీ అరవ పేపర్లే. వీధి వీధీ తిరిగి పాత పేపర్లు పోగుచేసి, మైదాపిండి ఉడికించి అంటించాం. రెండు వారాలు తిరిగేసరికి అత్త పెరట్లో చెట్లు చూస్తే పేపరు కొట్టు ఊగుతున్నట్టుండేది. దారినపోయే ఒకాయన మోటార్ సైకిల్ ఆపి, హెల్మెట్ తియ్యకుండానే ఒక గుత్తిని అటూ ఇటూ తిప్పి సగం వార్త చదివి, మిగతా సగం ఏ కొమ్మకుందని అడిగాడు. అత్తకి అరవం నోటికి వచ్చు గాని కంటికి రాదు. ఆవిడ బొమ్మలతో గుర్తుపెట్టుకునేది. మంత్రి ఉన్న గుత్తి ఎల్లుండికి పండుతుందనీ, సినిమా పిల్ల గుత్తి ఇంకో వారం ఆగాలనీ, బంతాట కుర్రాడు వానకి చిరిగిపోయాడు కాబట్టి వాడికి ఇంకో సంచి తొడగాలనీ నిచ్చెన మీదినుంచి చెప్పేది.

పెదనాన్న పెట్టిన రెండు నెలల గడువు ముగిసింది. అన్న మాట ప్రకారం ఆయన వచ్చాడు. వెనకాల రంపం కట్టిన మోటార్ సైకిల్ మీద ఒక మనిషి కూడా వచ్చాడు. పెదనాన్న చెట్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, ఇంటినుంచి తెచ్చుకున్న కత్తి తీసి, ఏ కాయ కొయ్యాలో తనే వేలు పెట్టి చూపిస్తానన్నాడు. చెట్టుకి అయిదు కాయల లెక్కన మొదలైంది. కాయను నిలువునా కోసి, వెలుతురుకి పట్టి చూసి, పళ్లెంలో పడేసేవాడు. అత్త చేతులు కట్టుకుని నిలబడింది. ఆవిడ ఒక్క కాయవైపూ చూడలేదు, అన్న మొహాన్నే చూస్తూ ఉండిపోయింది. మొదటి చెట్టు అయింది, రెండోది అయింది, మూడోది అయింది. నాలుగో చెట్టు దగ్గరికి వచ్చేసరికి రంపం మనిషి కోసిన ముక్కల మీద రేగొడియాల పొడిలా పుల్లగా ఉప్పగా ఉండే అసాంబోయి పొడి చల్లుకుని తినడం మొదలుపెట్టాడు. ఆరో చెట్టు దగ్గర కత్తి ఆగిపోయింది.

“ఇదేటి?”

కాయ నడుమ గోధుమరంగులో ఏదో గుండ్రంగా ఉంది. నేను భూతద్దం కోసం జేబు తడుముకున్నాను. అత్త వంగి చూడనైనా చూడలేదు.

“గింజ. దేవుడెట్టినాడు. ఆ ఫిర్యాదేదో ఆయనకి సేసుకో.”

తొమ్మిదో చెట్టు ఆఖరి కాయ కూడా అద్దంలా తెల్లగా విచ్చుకుంది. పెదనాన్న కత్తిని పంచెకి తుడిచి, జేబులో పెట్టుకుని, రంపం మనిషి వైపు చూశాడు. ఆ మనిషి అప్పటికే పళ్లెం మూడొంతులు ఖాళీ చేసి, ఈ చెట్లు కొట్టడం తన చేతుల్తో తాను చెయ్యలేనని ఎవరూ అడగకుండానే ప్రకటించాడు.

“పామాయిల్ మొక్కలు కాలవకవతల ఏసుకుంటాను లే,” అన్నాడు పెదనాన్న, మొదటినుంచీ అదే తన ఉద్దేశమైనట్టు. లేచి నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. “మీ వదిన జంబు తిని శానా కాలమైనాది. ఓ నాలుగు కట్టు.”

“శనోరం రా,” అంది అత్త. “బల్ల కాడ అమ్ముతాను.”

ఆయన శనివారం వచ్చి, అందరితోపాటు వరసలో నిలబడి కొనుక్కున్నాడు. మా వంశచరిత్రలో ఆయన వరసలో నిలబడింది ఆ ఒక్కరోజే. మధ్యాహ్నం కాకుండానే బల్ల ఖాళీ అయింది. ఊళ్లో అందరూ చెట్లని నేనే బతికించానని చెప్పుకున్నారు. సోమవారం కొట్టుకెళ్లి ఆ మాట టౌకేతో చెబితే ఆయన సంతోషించి, ఎరువుల గది ఊడ్చమన్నాడు.

ఇదంతా జరిగి పదేళ్లు దాటింది. నేను ఇపో వచ్చి, కుర్చీలో కూర్చునే ఉద్యోగంలో పడి, రెండు మూడు నెలలకోసారి బాగన్ దాతుక్ వెళ్లి వస్తుంటాను. చెట్లు తొమ్మిదీ ఉన్నాయి. అత్త నిచ్చెన ఎక్కడం మానేసి, కింద కుర్చీలో కూర్చుని ఎక్కినవాళ్ల తప్పులు ఎంచుతుంది. అరవ పేపరు వేయించుకునే ఇళ్లు వీధిలో ఒకటో రెండో మిగిలాయి, వార్తలన్నీ ఫోన్లోనే చదివేస్తున్నారు, ఫోనుతో సంచి అంటించడం కుదరదు. అందుకని ఇప్పుడు కొట్టులో దొరికే తెల్లని బట్టసంచులు కడుతున్నారు. అవి గాలి ఆడనిస్తాయి, వానకి చిరగవు, కాయ రంగు కూడా ఇదివరకటికన్నా బాగా వస్తుంది; ఎందులోనూ వంక పెట్టడానికి లేదు. కాని మొన్న వెళ్లినప్పుడు ఏ గుత్తి కొయ్యమంటావని అడిగితే, అత్త చెయ్యెత్తి ఆ తెల్లటి చెట్లన్నిటినీ ఒకసారి పరకాయించి, కుడిచేతివైపు మూడోది అంది. ఆ మూడోదానికి మొహమంటూ లేదు. గెలిచినవాళ్లకి గెలుపు ఉంటుంది గాని, యుద్ధం జరిగినన్నాళ్లూ ఉన్న సందడి ఉండదని, అది ఉన్నప్పుడు ఎవరికీ తెలియదని, ఆ కొమ్మ కింద నిలబడ్డప్పుడు నాకనిపించింది.

తెల్ల సంచులు రెండు కాపులదాకా వస్తాయి. ఉతికి, నీడలో ఆరేసి, మడతపెట్టి దాచుకోవాలి. మూడో కాపుకి కింది కుట్టు ఊడిపోతుంది.